మాత్రకు ముందు

2025 జనవరి 6, సోమవారం

కొత్త మాలిక్యూల్ పొడి ఈ రోజు మా చేతికొచ్చింది. అంబర్ సీసాలో పన్నెండు గ్రాములు. లేత పసుపు, బాగా తేలిక, గ్లవ్స్‌కి అంటుకుంటోంది. ల్యాబ్ పరీక్షల్లో టీబీ క్రిములను చంపింది, రిఫాంపిసిన్‌కి లొంగని మొండి రకాలను కూడా. అంతవరకూ కెమిస్ట్రీ, బయాలజీ వాళ్ల పని. ఇక్కడి నుంచి మాది. దీన్ని ముందు ఎలుక, తరువాత కుక్క, ఆ తరువాత మనిషి మింగగలిగే రూపంలోకి తేవాలి. మింగితే చాలదు, రక్తంలోకి చేరాలి.

ఈ పన్నెండు గ్రాముల్లోనే కరుగుదల కొలతలు, లవణాల వెతుకులాట, స్టెబిలిటీ, ఎలుకల మొదటి స్టడీ అన్నీ తేలాలి. తరువాతి లాట్‌కి రెండు నెలలు పడుతుందట. టన్నుల మీద పనిచేసే ఫ్యాక్టరీ వాళ్లకి మా పొదుపు వింతగా ఉంటుంది. కాకతీయలో ఎం.ఫార్మసీ చేసి కిందటేడు మాతో చేరిన అమ్మాయికి నేను మొదట నేర్పింది ఇదే. తూకం కాగితానికి అంటుకున్న పొడిని కూడా ద్రావకంతో కడిగి వాడుకోవాలి, ఖర్చయిన ప్రతి మిల్లీగ్రాముకీ పుస్తకంలో లెక్క ఉండాలి.

జనవరి 9, గురువారం

కరుగుదల లెక్కలు వచ్చాయి. పీహెచ్ 1.2 దగ్గర, అంటే ఖాళీ కడుపు ఆమ్లంలో, మిల్లీలీటరుకి దాదాపు ఒక మి.గ్రా. కరుగుతోంది. 4.5 దగ్గరికొచ్చేసరికి బాగా పడిపోయింది. 6.8 దగ్గర, చిన్న పేగులో ఉండే పీహెచ్ దగ్గర, నాలుగు మైక్రోగ్రాములే. బలహీన క్షారాల తీరే ఇంత. కడుపులో కరుగుతాయి, పేగులోకి దిగగానే మళ్లీ పొడిగా విరిగిపోతాయి. మందును ఎక్కువగా పీల్చుకునేదేమో ఆ పేగే.

1995లో గోర్డన్ అమిడాన్ బృందం మందులన్నిటినీ కరుగుదల, పేగు గోడ దాటే శక్తి అనే రెండు లక్షణాల మీద నాలుగు తరగతులుగా విడగొట్టింది. ఇప్పటికీ మేం మొదట చూసుకునేది ఆ పట్టికే. అత్యధిక డోసు 250 మి.లీ. నీళ్లలో, అంటే పెద్ద గ్లాసుడు నీళ్లలో, కడుపు నుంచి పేగు దాకా ఉండే ఏ పీహెచ్ దగ్గరైనా కరిగిపోతే అది బాగా కరిగే మందు. మాకు రోజుకి 200 మి.గ్రా. దాకా కావాల్సి రావచ్చని అంచనా. పేగు పీహెచ్ దగ్గర అంత మందు కరగాలంటే యాభై లీటర్ల నీళ్లు కావాలి. గోడ దాటడంలో మాత్రం ఏ ఇబ్బందీ లేదని కాకో-2 కణాల పరీక్ష చెబుతోంది. కాబట్టి రెండో తరగతి. కరిగించగలిగితే మిగతాది శరీరమే చూసుకుంటుంది.

జనవరి 29, బుధవారం

కెమిస్ట్రీ వాళ్లు శుద్ధి చేసే పద్ధతి మార్చి ఇంకో అర గ్రాము పంపారు. అదే అణువు, స్వచ్ఛత 99 శాతం పైనే. కరుగుదల మాత్రం సగమైంది. యాభై లీటర్లనుకున్నది వంద లీటర్లయింది. ల్యాబ్‌లో అందరూ కొలిచిన హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని అనుమానించారు. నాకు పొడి మీదే అనుమానం. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కి పంపిస్తే సాయంత్రానికి తెలిసింది. మొదటి పొడిలో ఎక్కువ భాగం అమార్ఫస్. దాని గ్రాఫ్‌లో మొనలే లేవు, మధ్యలో ఒక గుట్ట ఉందంతే. కొత్తది అచ్చమైన స్ఫటికం, సూదుల వరుసలా నిటారు మొనలు. పటికబెల్లానికీ పీచుమిఠాయికీ ఉన్న తేడా ఇది. రెండూ పంచదారే. ఒకటి బుగ్గన పెట్టుకుంటే నానుతూ ఉంటుంది, ఇంకోటి నాలుకకి తగలగానే మాయమవుతుంది, తేమ గాలి సోకినా కుంగిపోతుంది.

స్ఫటికాల విషయం పట్టించుకోకపోతే ఏమవుతుందో రిటోనావిర్ కథ చెబుతుంది. హెచ్‌ఐవీ మందుగా 1996లో క్యాప్సూల్ రూపంలో మార్కెట్లోకి వచ్చింది. 1998లో ఉన్నట్టుండి క్యాప్సూళ్లు డిజల్యూషన్ పరీక్షలో తప్పసాగాయి. అంతవరకూ ఎవరూ చూడని రెండో రకం స్ఫటికం పుట్టింది. అది మొదటి దానికంటే స్థిరమైనది, చాలా తక్కువ కరిగేది. ఒకసారి పుట్టాక పాత రూపం తయారు చేయడమే గగనమైంది. క్యాప్సూల్ సరఫరా ఆగిపోయింది, రోగులు చేదు ద్రవం తాగాల్సి వచ్చింది. మార్కెట్లో ఉన్న మందుకే అలా జరిగితే సీసాలో పన్నెండు గ్రాములున్న మాలిక్యూల్‌కి ఎంత జాగ్రత్త కావాలి!

రేపటి ఎలుకల స్టడీ ఆపమని చెప్పాను. కాస్త గొడవైంది. ఏ రూపమో తెలియని పొడిని జంతువుకి పట్టించకూడదు. వచ్చిన ఫలితానికి అర్థం చెప్పుకోలేం, మళ్లీ చేయాల్సొస్తుంది. మళ్లీ చేయడమంటే ఇంకొన్ని ప్రాణాలు.

ఫిబ్రవరి 11, మంగళవారం

అంతా స్ఫటిక రూపంతోనే చేసిన ఎలుకల ఫలితాలు. మూడు గుంపులు. ఒక గుంపుకి నరంలోకి, రెండో దానికి పూర్తిగా కరిగించిన ద్రావణం నోటిద్వారా, మూడో దానికి సస్పెన్షన్ నోటిద్వారా. సస్పెన్షన్ అందరూ వాడేదే: నీళ్లలో 0.5 శాతం మిథైల్ సెల్యులోజ్, 0.1 శాతం ట్వీన్ 80. ద్రావణానికి పీఈజీ 400, సైక్లోడెక్స్‌ట్రిన్ కలిపాం. నరంలోకి ఇచ్చినదాన్ని నూరు అనుకుంటే ద్రావణంలోంచి అరవై వంతులు రక్తంలోకి చేరింది. సస్పెన్షన్‌లోంచి తొమ్మిది.

మీటింగ్‌లో ఆ తొమ్మిదినే పట్టుకున్నారు. "నోటిద్వారా పోయే మందు కాదిది, పక్కన పెట్టేద్దాం" అన్నారొకరు. ప్రాజెక్టు పెద్దాయన నా వైపు తిరిగి, "మందు పోవట్లేదా అమ్మా, మనం పోనివ్వట్లేదా?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్న అదే. కాలేయం మింగేస్తుంటే ద్రావణంలోంచి కూడా చేరకూడదు కదా సార్ అన్నాను. అరవై చేరిందంటే కాలేయం వదిలేస్తోంది, పేగు గోడ రానిస్తోంది. అడ్డమంతా కరగడం దగ్గరే ఉంది. ద్రావణం గుంపు పెట్టకుండా సస్పెన్షన్ ఒక్కటే ఇచ్చి ఉంటే ఈ మందు ఈ రోజే చచ్చిపోయేది. అలా ఎన్ని మంచి అణువులు ఫైళ్లలో పడి ఉన్నాయో!

ఫిబ్రవరి 20, గురువారం

లవణాలు తేల్చేశాం. హైడ్రోక్లోరైడ్ గాలిలో తేమ పీల్చి హైడ్రేట్‌గా మారుతోంది. మెసిలేట్ స్ఫటికం చూడముచ్చటగా వచ్చింది, కానీ పేగు పీహెచ్ దగ్గర నిమిషాల్లో క్షారంగా విడిపోతోంది. పైగా మెసిలేట్ అనగానే 2007లో నెల్ఫినావిర్ మెసిలేట్‌కి జరిగింది గుర్తుకొస్తుంది. డీఎన్‌ఏని దెబ్బతీసే ఇథైల్ మెసిలేట్ కలుషితం బయటపడి మందును వెనక్కి పిలిపించారు. ఆ పరీక్షలన్నీ చేసి మెసిలేట్ వాడొచ్చు, వాడుతున్నారు కూడా. మనకి లాభం లేనప్పుడు ఆ బరువెందుకు? క్షారంతోనే ముందుకెళ్తున్నాం.

మార్చి 6, గురువారం

టాక్సికాలజీ వాళ్లతో పొద్దంతా చర్చ. సస్పెన్షన్‌ని కిలోకి 30, 100, 300 మి.గ్రా. ఇచ్చి చూశారు. 30 నుంచి 100కి రక్తంలో స్థాయి కాస్త పెరిగింది. 100 నుంచి 300కి పెరగనే లేదు. మిగిలినదంతా పెంటలో పోయింది.

బయటివాళ్లకి ఇది మంచి వార్తలా కనిపిస్తుంది. 300 ఇచ్చినా ఎలుకకి ఏమీ కాలేదు కదా అంటారు. విష పరీక్ష పెట్టేదే మనిషి రక్తంలో ఉండబోయే స్థాయికి ఎన్నో రెట్లు పైన ఏం చెడు జరుగుతుందో చూడటానికి. రక్తంలోకే చేరని మందు ఏ అవయవాన్నీ ముట్టదు. దాన్ని చూసి సురక్షితమని రాస్తే, తరువాతెప్పుడో బాగా కరిగే మాత్ర చేసి మనిషికిచ్చిన రోజున ఆ అబద్ధం బయటపడుతుంది.

పోనీ ద్రావణమే ఇద్దామా అంటే అంత డోసు కరగాలంటే పీఈజీ 400 బాగా పెంచాలి. ఎలుకకి కిలోకి 10 మి.లీ. చొప్పున, పావుకిలో ఎలుకకి రెండున్నర మి.లీ. పడుతుంది. అంత పీఈజీ రోజూ పడితే విరేచనాలు ఖాయం. బరువు తగ్గిందంటే మందు వల్లా, మేం కలిపినదాని వల్లా? మందు లేని ఒట్టి ద్రవం తాగే గుంపు ఎటూ ఉంటుంది. అయినా ఆ గుంపే నీరసించిపోతే దేంతో పోల్చాలి?

మిగిలినవి రెండు దారులు. పూసల మిల్లులో నానో కణాలుగా నూరడం ఒకటి, పాలిమర్‌తో కలిపి స్ప్రే డ్రై చేసి అమార్ఫస్‌గా నిలబెట్టడం రెండోది. నూరితే కరిగే వేగం పెరుగుతుంది గానీ కరిగే మొత్తం పెద్దగా పెరగదు. మాకు కరిగే మొత్తం కూడా పెరగాలి. స్ప్రే డ్రైయింగ్ అనే తేల్చాం.

మార్చి 24, సోమవారం

ప్రపంచ టీబీ దినం. 1882లో ఇదే రోజున రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు బెర్లిన్‌లో ప్రకటించాడు.

మాది మదనపల్లె. ఊరి పక్కనే ఆరోగ్యవరం శానటోరియం. మా జేజి చిన్నప్పుడు చెప్పేది, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి నెలల తరబడి అక్కడే ఉండేవాళ్లని, పిల్లల్ని దూరం నుంచే చూసుకునేవాళ్లని. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అప్పట్లో ఇవ్వగలిగింది ఎక్కువగా అదే. ఆ గోడల మధ్య నుంచి రోగిని ఇంటికి పంపింది నోటి మందు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన దాన్ని రుజువు చేసింది. ఐసోనియాజిడ్, పాస్ మందులు ఇంట్లో ఉండి మింగినవాళ్లు శానటోరియంలో మంచం మీద ఉండి మింగినవాళ్లకి దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లో ఉంచుకున్నందువల్ల కుటుంబంలో మిగతావాళ్లకి ముప్పు పెరగలేదని కూడా తేలింది. 1959లో వచ్చిన ఆ ఫలితం ప్రపంచమంతా టీబీ వైద్యాన్ని మార్చేసింది. పేదవాళ్ల ఊళ్లలో, ఇరుకు ఇళ్లలో చేసిన పని అది.

మొండి టీబీకి మాత్రం మొన్నమొన్నటిదాకా సూదులే గతి. నెలల తరబడి కనామైసిన్ పొడిపించుకుని క్రిమిని వదిలించుకున్నవాళ్లలో కొందరు వినికిడి పోగొట్టుకున్నారు. ఆ సూదులు ఇక వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2018లో. బెడాక్విలిన్ లాంటి నోటి మందులు వచ్చాక గానీ ఆ మాట అనడానికి వీలుపడలేదు. బెడాక్విలిన్ కూడా నీళ్లలో కరగదు, అన్నంతో వేసుకుంటే రక్తంలోకి దాదాపు రెట్టింపు చేరుతుంది. అందుకే తిన్నాకే వేసుకోమంటారు.

రిఫాంపిసిన్ సంగతి మా పనికి ఇంకా దగ్గర. దాన్ని ఐసోనియాజిడ్‌తో కలిపి ఒకే మాత్ర చేస్తే కడుపు ఆమ్లంలో రెండూ కలబడి రిఫాంపిసిన్ త్వరగా చెడుతుంది. కలిపిన మాత్రలు కొన్నింట్లో రిఫాంపిసిన్ సరిగ్గా రక్తంలోకి చేరట్లేదని బయటపడ్డాక, చేరుతుందని రుజువు చూపిన మాత్రలే కొనాలని నియమం పెట్టారు. టీబీలో మందు సగం చేరితే సగం జబ్బు తగ్గడం ఉండదు. బతికిన క్రిమి ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. కరుగుదల గురించి నేనింత పట్టుబట్టేది అందుకే.

ఏప్రిల్ 17, గురువారం

స్ప్రే డ్రైయర్ దగ్గర మంచి రోజు. మందు ఒక వంతు, హెచ్‌పీఎంసీ ఎసిటేట్ సక్సినేట్ అనే పాలిమర్ మూడు వంతులు, రెండూ అసిటోన్‌లో కరిగించి వేడి నైట్రోజన్‌లోకి సన్నటి తుంపరగా కొడతాం. తుంపర సెకను లోపే ఎండిపోతుంది. అణువులకు వరుసలో చేరి స్ఫటికం కట్టే వ్యవధి దొరకదు, పాలిమర్ గొలుసుల మధ్య ఎక్కడివక్కడ చిక్కుకుపోతాయి. పొడిని వేరుచేసే సైక్లోన్ కింద సీసాలో లేత పసుపు పొడి రాలుతుంటే మా ల్యాబ్ అమ్మాయి కళ్లార్పకుండా చూసింది. నేనూ చూశాను.

మేం ఎంచుకున్న పాలిమర్ రకం పీహెచ్ 5.5 దాటాకే కరుగుతుంది. కడుపులో మందును పట్టి ఉంచి పేగులోకి దిగాక వదులుతుంది, వదిలిన మందు వెంటనే గడ్డకట్టకుండా కాసేపు ఆపుతుంది. ఆ కాసేపే మాకు కావాలి. పేగు రసాన్ని పోలిన ద్రవంలో రెండు గంటల పాటు స్ఫటికం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందు కరిగి నిలిచింది. మిగిలిన అసిటోన్ 5000 పీపీఎం హద్దు లోపలికి రావడానికి ట్రేలలో పెట్టి రాత్రంతా ఆరబెట్టాం.

ఒక బెంగ ఉంది. జంతువులకిచ్చేటప్పుడు ఈ పొడిని నీళ్లలో కలపాలి. తడి తగిలిన క్షణం నుంచి స్ఫటికం కట్టే ప్రయత్నం మొదలవుతుంది. నాలుగు గంటల తరువాత ఎక్స్‌రేలో చిన్న మొన కనిపించింది. అందుకని కలిపిన రెండు గంటల్లోపే పట్టించాలని ప్రొటోకాల్‌లో రాయిస్తున్నాను.

ఏప్రిల్ 29, మంగళవారం

బీగిల్ కుక్కల ఫలితాలు. ఖాళీ కడుపుతో ఉన్నా కుక్క కడుపులో ఆమ్లం మనిషిలా నిలకడగా ఉండదు. అందుకని ఒక విడత పెంటగాస్ట్రిన్ సూది ఇచ్చి ఆమ్లం ఊరేలా చేస్తారు, ఇంకో విడత అవే కుక్కలకి ఫామోటిడిన్ ఇచ్చి ఆమ్లం తగ్గిస్తారు. స్ఫటికం పొడిని నేరుగా క్యాప్సూల్లో నింపి ఇస్తే ఆమ్లం ఉన్నప్పుడు ఫరవాలేదు. ఫామోటిడిన్ ఇచ్చిన రోజు రక్తంలో ఏడో వంతే చేరింది. స్ప్రే డ్రై చేసిన పొడికి రెండు రోజులకీ పెద్ద తేడా లేదు.

నిన్నటిదాకా పైవాళ్ల ఒత్తిడి ఒకటే. ఉత్త పొడిని క్యాప్సూల్లో నింపి మనుషుల పరీక్షకి వెళ్దాం, నెలలు కలిసొస్తాయి అని. మామూలుగా నేనూ ఆ పక్షమే. ఫేజ్ 1లో మందు బతుకుతుందో లేదో తెలియదు, మాత్ర చేయడం మీద ఏళ్లు పోయడం తప్పు. ఉత్త పొడి నింపితే కలిపినవేవీ ఉండవు, స్టెబిలిటీ సులువు, డోసు ఎంతంటే అంత తూచి పెట్టొచ్చు. చాలా మాలిక్యూల్స్‌కి అదే సరైన దారి. ఈ మాలిక్యూల్‌కి కాదు.

ఈ ఒక్క గ్రాఫ్ చూపించి అడిగాను. మన దగ్గర టీబీ రోగి చేతిలో చీటీ చూడండి, గ్యాస్ బిళ్ల లేని చీటీ ఎంత అరుదు! ఇన్నిన్ని మాత్రలు మింగుతున్నారు, కడుపు మండుతుందని డాక్టరే రాస్తాడు, రాయకపోతే మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటారు. ఆ బిళ్లే మన మందును ఏడో వంతు చేసేస్తే? ఎవరూ ఎదురు చెప్పలేదు.

జూన్ 3, మంగళవారం

ఇరవై ఎనిమిది రోజుల విష పరీక్ష నిన్న మొదలైంది. రోజూ పొద్దున్నే మోతాదు కలిపి, గిన్నె పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి శాంపిల్ తీసి మందు సమంగా ఉందో లేదో చూసి పంపుతున్నాం. యానిమల్ హౌస్ పశువైద్యుడు గారు నెమ్మదస్తుడు. ట్యూబు వేసే కుర్రాళ్లకి, "చెయ్యి వణికితే పక్కకి తప్పుకోండయ్యా, అడిగేవాళ్లెవరూ లేరు" అని చెప్పి పెట్టారు. ఎథిక్స్ కమిటీకి రాసిచ్చిన సంఖ్య కంటే ఒక్క జంతువు కూడా ఎక్కువ వాడటం లేదు.

ఆగస్టు 13, బుధవారం

వారం నుంచి వాన. క్యాప్సూల్ నింపే గదిలో తేమ 40 శాతం లోపు ఉండాలి, బయట 90. డీహ్యూమిడిఫైయర్ పగలూ రాత్రీ తిరుగుతోంది. అమార్ఫస్ పొడికి తేమే శత్రువు. నీరు చేరితే అణువులకు కదలిక వస్తుంది, కదలిక వస్తే స్ఫటికం. జెలటిన్ షెల్లులోనే 13 నుంచి 16 శాతం నీరుంటుంది, అందుకని హెచ్‌పీఎంసీ షెల్లు తీసుకున్నాం. అది మొక్కల నుంచి వచ్చేది, శాకాహారులు కూడా సందేహం లేకుండా మింగొచ్చు.

లోపల ఏమేం ఉంటాయో తేల్చుకున్నాం: స్ప్రే డ్రై పొడి, మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, క్యాప్సూల్ విచ్చుకున్నాక పొడి ముద్ద కట్టకుండా క్రాస్‌కార్మెలోజ్, చిటికెడు మెగ్నీషియం స్టియరేట్. ఇంతే. పూత లేదు, రంగుపొడి లేదు.

మా అమ్మాయి అడిగింది, "మేడం, ఇవన్నీ ఇనాక్టివ్ కదా, సెల్యులోజ్ బదులు లాక్టోజ్ వేసినా ఒకటే కదా?" అని. కూర్చోబెట్టి ఫెనిటోయిన్ కథ చెప్పాను. 1968లో ఆస్ట్రేలియాలో మూర్ఛ రోగులు చాలామంది తూలుతూ, మత్తుగా ఆసుపత్రులకొచ్చారు. డోసు మారలేదు, మందు మారలేదు. క్యాప్సూల్లో మందుకి తోడుగా నింపే కాల్షియం సల్ఫేట్ తీసేసి లాక్టోజ్ పెట్టారు, అంతే. కాల్షియం సల్ఫేట్ ఇన్నాళ్లూ మందులో కొంత రక్తంలోకి పోకుండా పట్టి ఉంచింది. అది పోయేసరికి అదే డోసు విషమైంది. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత వెళ్లి ప్రతి ఎక్సిపియెంట్‌తోనూ మందును విడివిడిగా కలిపి 40 డిగ్రీలు, 75 శాతం తేమ చాంబర్లో మళ్లీ పెట్టింది. ఎవరూ చెప్పకుండానే.

అక్టోబరు 6, సోమవారం

పేపర్ చదవలేకపోతున్నాను. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోతున్నారు. ఆ బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉందని తమిళనాడు ల్యాబ్ తేల్చింది. ఉండదగ్గ హద్దు 0.1 శాతం.

ఇది మాకు తెలియని విషం కాదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్‌ని ద్రవంగా చేయాలని అదే డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించారు. రుచి, వాసన, రంగు చూశారు. విషమా కాదా అని చూడలేదు. చూడాలని చట్టమూ లేదు. నూరుమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. 1938లో అక్కడ కొత్త చట్టం వచ్చింది అందుకే. 1986లో బొంబాయిలో కల్తీ గ్లిజరిన్‌తో పద్నాలుగు మంది. 2022లో గాంబియాలో అరవైమందికి పైగా పిల్లలు. ప్రతిసారీ మందు అణువుది ఏ తప్పూ లేదు. చంపింది దాంతోపాటు లోపలికి పోయిన ద్రవం. అంటే మా వృత్తి చేతిలో ఉన్న భాగం.

కోపం వస్తోంది. ఈ విషాన్ని పట్టుకునే పరీక్ష కష్టమైంది కాదు, గ్యాస్ క్రొమటోగ్రఫీలో ఒక పూట పని. డ్రమ్ము మీది లేబుల్‌ని నమ్మడం, సప్లయర్ పంపిన కాగితాన్ని నమ్మడం తేలిక, అంతే. ఈ రోజు స్టోర్‌కి వెళ్లి మా పీఈజీ, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ రికార్డులు డ్రమ్ము డ్రమ్ముకీ తీయించి చూశాను. ప్రతి డ్రమ్ముకీ మా సొంత రిపోర్టు ఉంది. క్లినికల్ క్యాప్సూల్లో ఇవేవీ లేవు. అయినా చూశాను.

నవంబరు 18, మంగళవారం

మొదటి డోసు లెక్క. ఏ హానీ కనిపించని అత్యధిక డోసు ఎలుకల్లో కిలోకి 50 మి.గ్రా., కుక్కల్లో 10. ఒంటి ఉపరితలం లెక్కన మనిషి డోసుగా మార్చడానికి ఎలుకదాన్ని 6.2తో, కుక్కదాన్ని 1.8తో భాగిస్తే 8, 5.6 వచ్చాయి. తక్కువదే తీసుకోవాలి. దాన్ని భద్రత కోసం మళ్లీ పదితో భాగిస్తే కిలోకి 0.56. అరవై కిలోల మనిషికి 33 మి.గ్రా. డాక్టర్లు 25 దగ్గర మొదలుపెడదామన్నారు. నాకూ అదే నచ్చింది.

25, 100 మి.గ్రా. అని రెండు బలాల్లో నింపుతున్నాం. వీటితో 25 నుంచి 400 దాకా అన్ని మెట్లూ కట్టొచ్చు. పొడి కొంచెం పసుపు, చేదు. మందు లేని ప్లాసిబో తెల్లగా ఉంటుంది కాబట్టి రెండింటికీ ఒకటే ముదురు నారింజ షెల్లు, లోపలేముందో కనబడదు. బరువు కూడా సమం చేశాం. ఎవరు ఏది మింగారో మింగినవాళ్లకీ తెలియకూడదు, ఇచ్చినవాళ్లకీ తెలియకూడదు.

డిసెంబరు 12, శుక్రవారం

క్లినికల్ బ్యాచ్ రిలీజైంది. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే వచ్చాయి. క్యాప్సూళ్లలో మందు లేబుల్ చెప్పినంత ఉంది, ఒకదానికీ ఇంకొకదానికీ తేడా హద్దు లోపలే ఉంది, ఎక్స్‌రేలో స్ఫటికం మొన లేదు. సీసాలో తేమ పీల్చే సంచి, రేకు సీలు. స్టెబిలిటీ నెలనెలా చూస్తూ ఉంటాం. ఎప్పుడు మొన కనిపించినా ఆ రోజే డోసింగ్ ఆగుతుంది. ఆ వాక్యాన్ని నేనే రాయించాను.

ఇది మార్కెట్లోకి వచ్చే మాత్ర కాదు. మందు ముందుకెళ్తే ఇంకొకరెవరో మాత్ర చేస్తారు, పిల్లల డోసు చేస్తారు, ఖర్చు తగ్గిస్తారు. ముందుకెళ్లకపోతే ఆ వైఫల్యం మందుదేనని, అది రక్తంలోకి చేరకపోవడం వల్ల కాదని చెప్పగలం. మాకు అప్పగించిన పని అంతవరకే, అది పూర్తయింది.

డోసింగ్ జనవరిలో. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లు ఎనిమిది మంది. రాత్రంతా ఖాళీ కడుపు, పొద్దున ఒక్క క్యాప్సూల్, 240 మి.లీ. నీళ్లు. మొదటి రోజు ఇద్దరికే ఇస్తారు, ఒకరికి మందు, ఒకరికి ప్లాసిబో. ఇరవై నాలుగు గంటలు చూశాకే మిగతా ఆరుగురికి.